గడాఫీ శవం చూడటానికి క్యూ కట్టిన జనాన్ని ఏమనాలి?

మీ ప్రశ్న చదివాను. మీరు డిగ్రీ క్లాసులో 2011 అరబ్ తిరుగుబాట్ల గురించి చెప్తుంటే ఒక కుర్రాడు ఫోన్‌లో లిబియా నియంత గడాఫీ చివరి నిమిషాల వీడియో చూపించాడు. నెత్తురు కారుతున్న ముసలాయన్ని కొడుతుంటే చుట్టూ కేకలు, మర్నాటి నుంచి శవం చూడటానికి క్యూలు. "వీళ్లు మనుషులేనా సార్?" అన్నాడు. క్లాసులో సగం మంది వాడితో గొంతు కలిపారు. మిగతా సగం "42 ఏళ్లు జనాన్ని పీక్కుతిన్నవాడికి అదే తగిన శాస్తి" అన్నారు. మీకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ వీడియో క్లాసులో వేయొచ్చా అని కూడా అడిగారు.

నేను చాలా ఏళ్లు పత్రికలో విదేశీ వార్తల డెస్క్ చూశాను. పదవి పోయిన నియంతలు చచ్చిన వార్తలు కొన్ని నా చేతి మీదుగా వెళ్లాయి. నా అనుభవంలో ఈ చర్చ పక్కదారి పట్టేది ఒక్కచోటే. వేర్వేరు మనుషులు చేసిన వేర్వేరు పనుల్ని కలిపి "జనం" అనేస్తాం. సిర్తేలో ఆయన్ని పట్టుకుని కొట్టినవాళ్లు కొన్ని పదుల మంది. వార్త విని ట్రిపోలీలో, బెంఘాజీలో హారన్లు కొట్టుకుంటూ రోడ్డెక్కినవాళ్లు లక్షల్లో. మిస్రాతాలో శవం చూడటానికి వెళ్లినవాళ్లు వేలల్లో. వీళ్లు కాక, వేల మైళ్ల దూరంలో ఏసీ గదుల్లో కూర్చుని ఆ వార్తకి నవ్వినవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ ఒకటే తీర్పు ఇవ్వడం కుదరదు. నన్నడిగితే మామూలు జనం మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. ఉన్న ఫిర్యాదంతా అధికారం చేతిలో ఉన్నవాళ్ల మీదే.

ముందు ఆ రోజు జరిగింది చూద్దాం. 2011 అక్టోబరు 20. ట్రిపోలీ ఆగస్టులోనే తిరుగుబాటుదారుల చేతికి వచ్చింది. గడాఫీ తన సొంత ఊరి ప్రాంతమైన సిర్తేలో, చుట్టూ ముట్టడి మధ్య, ఖాళీ ఇళ్లు మారుతూ గడిపాడు. ఆ ఉదయం దాదాపు 50 వాహనాల కాన్వాయ్‌తో బయటపడబోతే నాటో విమానాలు దాడి చేశాయి. మిగిలిన కొద్దిమందితో రోడ్డు కింద ఉన్న డ్రైనేజీ తూములో దాక్కున్నాడు. అక్కడ అంగరక్షకుడు విసిరిన గ్రెనేడ్ గోడకి తగిలి వెనక్కి వచ్చి పడింది, ఆయనకీ గాయాలయ్యాయి. మిస్రాతా నుంచి వచ్చిన పోరాటగాళ్లు బయటికి లాగారు, కొట్టారు, బయోనెట్‌తో పొడిచారు. ఫోన్లలో రికార్డయింది ఇదే. ప్రాణం పోయిన క్షణం మాత్రం ఏ వీడియోలోనూ స్పష్టంగా లేదు. కొడుకు ముతాసిమ్‌ని కూడా అదే రోజు పట్టుకున్నారు. మిస్రాతాలో ఒక గదిలో కూర్చుని సిగరెట్ కాలుస్తూ మాట్లాడుతున్న వీడియో ఉంది. కొన్ని గంటల తర్వాత అతను గొంతు దగ్గర గాయంతో శవమయ్యాడు.

ఇప్పుడు ఆ సంతోషం సంగతి.

బయటివాళ్లకి కనిపించేది 69 ఏళ్ల మనిషి, నెత్తురు, దయ చూపమని అడగడం. లిబియావాళ్లకి ఆ మొహం వెనక ఇంకో 42 ఏళ్లు కనిపిస్తాయి. 1984లో బెంఘాజీ బాస్కెట్‌బాల్ స్టేడియంలో సాదిక్ హమీద్ ష్వేహ్‌దీ అనే యువకుణ్ణి ఉరి తీసి దాన్ని టీవీలో వేశారు. స్టేడియంలోకి స్కూలు పిల్లల్ని కూడా తెచ్చి కూర్చోబెట్టారు. ప్రాణం పోక కొట్టుకుంటుంటే జనంలోంచి ఒకావిడ వచ్చి కాళ్లు పట్టుకుని లాగింది. ఆవిడ ప్రభుత్వంలో పై పదవులకి ఎదిగి, తర్వాత అదే బెంఘాజీకి మేయర్ కూడా అయింది. విదేశాలకి పారిపోయిన వ్యతిరేకుల్ని "వీధికుక్కలు" అని పిలిచి, వెతికి చంపించిన ప్రభుత్వం అది. మీ స్టూడెంట్ "చావుని తమాషాగా చూడటం వీళ్లకి ఎవరు నేర్పారు?" అని అడిగితే, జవాబు ఆ స్టేడియంలో ఉంది.

ఇంకోటి అబూ సలీం జైలు. 1996 జూన్ చివర్లో అక్కడ ఖైదీలు తిరగబడితే ప్రాంగణంలోకి తెచ్చి కాల్చేశారు. చనిపోయినవాళ్లు 1,200 మందికి పైనే అని లెక్క. ఇళ్లకి కబురు లేదు. తల్లులు, భార్యలు ఏళ్ల తరబడి ఆ జైలు గేటు దగ్గరికి బట్టలు, తిండి పట్టుకెళ్లి ఇస్తూనే ఉన్నారు. గార్డులు తీసుకుంటూనే ఉన్నారు. మనిషి ఎప్పుడో చచ్చిపోయాడని ఏళ్లు గడిచాక తెలిసింది. ఆ కుటుంబాలు బెంఘాజీలో వారం వారం ఫోటోలు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టాయి. 2011 ఫిబ్రవరి 15న వాళ్ల లాయర్ ఫతీ తర్బీల్‌ని అరెస్టు చేస్తేనే తిరుగుబాటు అంటుకుంది. కొడుకు చావు కబురు కూడా దక్కని తల్లి ఆ అక్టోబరు రోజున పీడ వదిలిందని ఊపిరి పీల్చుకుంటే నేను తప్పుపట్టలేను. రాక్షసుడు చచ్చిన రోజుని ఏటా టపాసులు కాల్చి చేసుకునేవాళ్లం, మనకి ఆ సంబరం అర్థం కాకపోవడానికి కారణం లేదు.

మిస్రాతా సంగతి వేరేగా చెప్పాలి, ఎందుకంటే చంపినవాళ్లు అక్కడివాళ్లు. 2011 వసంతంలో ఆ ఊరిని గడాఫీ సేనలు నెలల తరబడి ముట్టడించాయి. నడి ఊళ్లో గ్రాడ్ రాకెట్లు, క్లస్టర్ బాంబులు పడ్డాయి. ప్రధాన వీధి అయిన ట్రిపోలీ స్ట్రీట్‌లో మేడల మీద స్నైపర్లు. సిర్తేకి వచ్చిన ఆ కుర్రాళ్లలో చాలామంది సైనికులు కాదు. చదువుకునేవాళ్లు, షాపుల్లో పనిచేసేవాళ్లు, ఎనిమిది నెలల కింద తుపాకీ ముట్టనివాళ్లు. తోటివాళ్లని పాతిపెట్టి వచ్చారు. ఇది వాళ్లు చేసినదానికి సాకు కాదు. పట్టుబడి, చేతుల్లో ఆయుధం లేని మనిషిని చంపడం యుద్ధనేరం, అది గడాఫీ అయినా సరే. కానీ "అనాగరికులు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే కారణం తెలిసినట్టు ఉంటుంది, ఏమీ తెలియదు.

శవం కోసం క్యూ గురించి మీ స్టూడెంట్స్‌కి బహుశా తట్టని విషయం ఒకటుంది. జనానికి వార్తల మీద నమ్మకం చచ్చిపోయి ఉంది. ఆగస్టులో ట్రిపోలీలోకి తిరుగుబాటుదారులు రాగానే కొడుకు సైఫ్ అల్ ఇస్లాం పట్టుబడ్డాడని ప్రపంచమంతా ప్రకటించారు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ప్రాసిక్యూటర్ కూడా అవునన్నారు. మర్నాడు రాత్రికి అతను విలేకరులున్న రిక్సస్ హోటల్ దగ్గరికి కార్లో నవ్వుతూ వచ్చి చెయ్యూపాడు. ఇంకో కొడుకు ఖమీస్ చచ్చాడన్న వార్త ఎన్నిసార్లు వచ్చిందో డెస్క్‌లో మాకే లెక్క తప్పింది. ట్రిపోలీ పోయాక కూడా గడాఫీ గొంతు సిరియాలోని ఒక చానెల్లో వినిపిస్తూనే ఉంది. అలాంటి మనిషి చచ్చాడంటే కళ్లారా చూస్తే తప్ప ఎవరు నమ్ముతారు? మళ్లీ వస్తే, ఇవాళ సంబరం చేసుకున్నవాడి గతేంటి? క్యూలో ఉన్నవాళ్లలో కొందరు కక్షతో వచ్చారు, కొందరు సెల్ఫీ కోసం వచ్చారు, కాదనను. చాలామంది వచ్చింది మాత్రం భయం తీర్చుకోడానికి.

అయినా ఆ నాలుగైదు రోజులు చూడటానికి జుగుప్సగానే ఉన్నాయి. మిస్రాతా శివార్లలో మాంసం నిలవ ఉంచే కోల్డ్ స్టోరేజీ గదిలో నేల మీద పరుపేసి పడుకోబెట్టారు. పక్కన కొడుకు, రక్షణమంత్రి అబూబకర్ యూనిస్. జనం ముక్కులకి మాస్కులు కట్టుకుని వరసలో నడిచారు, పిల్లల్ని కూడా తెచ్చారు. శవం పాడవుతున్నా ఖననం జరగలేదు. ఇస్లాంలో వీలైనంత త్వరగా, సాధారణంగా ఒక రోజులో పూడ్చాలి. కాబట్టి ఇది వాళ్ల సొంత ధర్మం ప్రకారమే తప్పు. ఆ మాట లిబియాలోనే చాలామంది పైకి అన్నారు. రావణుడికి అంత్యక్రియలు చేయమని రాముడే విభీషణుడికి చెప్పాడని విన్నవాళ్లకి దీన్ని వివరించక్కర్లేదు.

ఆలస్యానికి కారణం కక్ష ఒక్కటే కాదు, అక్కడే అసలు రాజకీయం ఉంది. శవం ఎవరి దగ్గరుంటే విజయం వాళ్లది. బెంఘాజీలో ఉన్న జాతీయ తాత్కాలిక మండలికి (తిరుగుబాటుదారులు పెట్టుకున్న ప్రభుత్వం అది) పేరుకి అధికారం ఉంది, శవం మాత్రం మిస్రాతా మిలీషియాల దగ్గరుంది. గడాఫీ తెగ శవాన్ని అడిగింది. సమాధి కట్టనిస్తే అది మొక్కుబడుల చోటు అవుతుందని కొత్త నాయకుల భయం. చివరికి 25న తెల్లవారుజామున ఎడారిలో ఎవరికీ తెలియని చోట పూడ్చారు. మధ్యలో 23న బెంఘాజీలో "దేశానికి విముక్తి" అని అట్టహాసంగా ప్రకటించారు. శవం అప్పటికింకా ఫ్రీజర్ గదిలోనే ఉంది. నవంబరులో సైఫ్ అల్ ఇస్లాం జింతాన్ అనే ఊరి సేనలకి దొరికితే వాళ్లూ ఏళ్ల తరబడి అలాగే తమ దగ్గరే పెట్టుకున్నారు, ట్రిపోలీకి అప్పగించలేదు. తర్వాత దేశం ఊరికొక సేనగా ఎలా విడిపోయిందో తెలుసుకోవాలంటే ఈ రెండు విషయాలు చాలు.

"లిబియా జనం పండగ చేసుకున్నారు" అనే వాక్యంలో ఇంకో లోపం ఉంది. కెమెరాలు పండగ ఉన్నచోటే ఉన్నాయి. సిర్తేలో ఇళ్లు నేలమట్టమయ్యాయి, అక్కడ ఎవరూ హారన్లు కొట్టలేదు. గడాఫీ పక్షాన నిలిచిన బనీ వలీద్ ఊళ్లో తలుపులేసుకున్నారు. తవర్ఘా అయితే ఊరే ఖాళీ. గడాఫీ పక్షాన మిస్రాతా మీదికి వచ్చారని, అత్యాచారాలు చేశారని నింద వేసి, ఆ నల్లవాళ్ల ఊరినుంచి దాదాపు 40 వేల మందిని మిస్రాతా సేనలు తరిమేశాయి. మళ్లీ అడుగుపెట్టనిచ్చింది 2018లో. ఆ రోజు వాళ్లు ఏమనుకున్నారో ఏ చానెలూ అడగలేదు. పనికోసం లిబియా వచ్చిన ఆఫ్రికన్లని "కిరాయి సైనికులు" అని చావగొట్టిన రోజులవి.

మీ క్లాసులో ఇప్పటిదాకా ఎవరూ మాట్లాడనిది ఇంకో గుంపు గురించి. గడాఫీ వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయి, ఆయన చావుకి సంతోషించలేకపోయినవాళ్లు. 1988 డిసెంబరులో స్కాట్లండ్‌లోని లాకర్బీ మీద పాన్ అమెరికన్ విమానం పేలి 270 మంది చనిపోయారు. బాధ్యత ఒప్పుకుని లిబియా 270 కోట్ల డాలర్ల పరిహారానికి అంగీకరించింది. అయినా ఎవరు ఆర్డరిచ్చారో పూర్తిగా బయటికి రాలేదు. గడాఫీ చచ్చినరోజు ఆ కుటుంబాల్లో కొందరు న్యాయం జరిగిందన్నారు. కూతుర్ని పోగొట్టుకున్న డాక్టర్ జిమ్ స్వైర్ మాత్రం నిజం తెలుసుకునే అవకాశం పోయిందని బాధపడ్డారు. లెబనాన్ షియా మతగురువు మూసా అల్ సదర్ 1978 ఆగస్టులో లిబియాకి వచ్చి, ఇద్దరు అనుచరులతో సహా మాయమయ్యాడు. ఏమయ్యాడో చెప్పగలిగినవాడు సిర్తేలో చచ్చిపోయాడు. అబూ సలీం తల్లులకి కావల్సింది కూడా ఎముకలు ఎక్కడున్నాయన్న జవాబు. నియంత అంటే రహస్యాల బీరువా. దాన్ని కోపంలో తగలబెడితే మొదట నష్టపోయేది వీళ్లే.

ఇరాక్ నియంత సద్దాం విషయంలో ఇది ఇంకా స్పష్టంగా జరిగింది. 2006 డిసెంబరు 30న, బక్రీద్ రోజున ఆయన్ని ఉరి తీసింది 1982లో దుజైల్‌లో 148 మందిని చంపించిన కేసులో. కుర్దుల మీద అన్ఫాల్ దాడుల కేసు అప్పటికింకా నడుస్తోంది. 1988 మార్చిలో హలబ్జాలో విషవాయువుతో దాదాపు 5 వేల మంది పోయారు. ఉరి పడగానే సద్దాం మీద కేసు మూసేశారు. సంబరాలు చేసుకున్న కుర్దులూ ఉన్నారు, "మా లెక్క తేలకుండానే పంపేశారే" అని ఉడికిపోయినవాళ్లూ ఉన్నారు. పైగా కోర్టు తీర్పు అని చెప్పి చేసిన ఆ పనిని ఎవరో ఫోన్‌లో తీశారు. ఉరికంబం దగ్గర షియా గార్డులు "ముక్తదా" అని తమ షియా నాయకుడి పేరు అరవడం అందులో వినిపించింది. ఆ ఒక్క వీడియోతో న్యాయం కాస్తా తెగల పగగా మారిపోయింది. భారత ప్రభుత్వం కూడా అప్పుడు నిరాశ వ్యక్తం చేసింది.

ఇక నాయకుల స్పందనలు. గడాఫీ చావు వార్త వచ్చినప్పుడు హిల్లరీ క్లింటన్ కాబూల్లో ఒక టీవీ ఇంటర్వ్యూకి కూర్చుని ఉన్నారు. "వచ్చాం, చూశాం, ఆయన చచ్చాడు" అని నవ్వారు. అది కెమెరాలో పడింది. ఆవిడకి అబూ సలీంలో కొడుకు పోలేదు, మిస్రాతాలో ఇల్లు కూలలేదు. ఒక దేశపు విదేశాంగ మంత్రి, పూర్తి వివరాలు ఇంకా తెలియని చావు మీద వేసిన జోకు అది. మిస్రాతా కుర్రాడి కేకకంటే నాకు అదే ఎక్కువ అసహ్యం అనిపించింది, ఇప్పటికీ అంతే. ఒబామా, కామెరాన్ కాస్త ఒద్దికగా మాట్లాడారు, కామెరాన్ లాకర్బీ బాధితుల్ని తలుచుకున్నారు. చావెజ్ గడాఫీని అమరవీరుడన్నాడు. పుతిన్ టీవీల్లో చూపిన ఆ దృశ్యాల మీద మండిపడ్డాడు. అయితే మార్చిలో నాటో దాడులకి దారి తీసిన 1973వ నంబరు తీర్మానం భద్రతామండలికి వచ్చినప్పుడు రష్యా వీటో వాడలేదు, తటస్థంగా ఉండిపోయింది. (మన దేశమూ తటస్థంగానే ఉంది.) నాకు సూటిగా అనిపించింది దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జూమా మాట. అంతర్జాతీయ కోర్టు వారంటు ఉన్న మనిషిని పట్టుకున్నప్పుడు కోర్టుకి అప్పగించాల్సింది అన్నాడు. జూమాకి గడాఫీతో పాత స్నేహం ఉంది, అందుకే అన్నాడని కొట్టిపారేసినవాళ్లున్నారు. ఎవరన్నా మాట మాటే.

ఆ సాయంత్రమే సిరియా, యెమెన్ వీధుల్లో "ఇక నీ వంతే" అని అక్కడి అధ్యక్షులు బషర్ అల్ అసద్‌ని, సాలేని ఉద్దేశించి నినాదాలు మోగాయి. నినాదం ఇచ్చినవాళ్లకి అది ధైర్యం. వినాల్సినవాళ్లకి అది ఇంకో పాఠం నేర్పిందని నా అనుమానం: దిగిపోతే తూములోంచి లాగుతారు, కాబట్టి దిగొద్దు. సాలే పదవి వదిలాక కూడా రాజకీయం వదల్లేదు. 2017 డిసెంబరులో యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీల చేతుల్లో చచ్చాడు. దుప్పట్లో చుట్టి ట్రక్కులోకి ఎక్కిస్తూ హూతీలు తమ నాయకుడు హుసేన్ పేరు చెప్పి అరిచారు. 2004లో ఆ హుసేన్‌ని చంపించి, శవాన్ని ఏళ్ల తరబడి ఇవ్వకుండా దాచింది సాలే ప్రభుత్వమే. బషర్ 2024 డిసెంబరులో మాస్కోకి పారిపోయాడు. కొట్టడానికి మనిషి లేడు, చూడటానికి శవం లేదు. అప్పుడు జనం ఎటు పరిగెత్తారో గుర్తు తెచ్చుకోండి. సెద్నాయా జైలుకి. రాత్రంతా గోడలు, నేల పగలగొడుతూ తమవాళ్ల కోసం వెతికారు. మిస్రాతా క్యూని ఈ దృశ్యం పక్కన పెట్టి చూడమని మీ స్టూడెంట్స్‌కి చెప్పండి.

కొత్త ప్రభుత్వం మీద ఫిర్యాదు ఉందన్నాను. ఆగస్టులోనే మండలి అధ్యక్షుడు ముస్తఫా అబ్దుల్ జలీల్ ఒక ప్రకటన చేశాడు. గడాఫీని ప్రాణాలతోగానీ శవంగాగానీ పట్టిస్తే వ్యాపారులు 20 లక్షల దినార్లు ఇస్తారని, ఆయన అంతరంగికులెవరైనా ఆ పని చేస్తే క్షమాభిక్ష ఉంటుందని. చంపినా ఫరవాలేదని పైనుంచే సంకేతం వెళ్లిపోయింది. చంపాక ప్రధాని మహమూద్ జిబ్రిల్ "ఇరువైపుల కాల్పుల మధ్య చిక్కి చనిపోయాడు" అన్నాడు. వీడియోలు అప్పటికే ప్రపంచమంతా చూస్తోంది. బయటి ఒత్తిడికి విచారణ అన్నారు, ఎవరికీ శిక్ష పడలేదు. ఆ అబద్ధం చాటున ఇంకా పెద్ద నేరం దాక్కుంది. అదే కాన్వాయ్‌లో పట్టుబడినవాళ్లలో కనీసం 66 మందిని సిర్తేలోని మహారీ హోటల్ దగ్గర చంపేశారని హ్యూమన్ రైట్స్ వాచ్ తేల్చింది. కొందరి చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. గడాఫీ గురించి మాట్లాడని కాలమిస్టు లేడు, ఆ 66 మందికి మా పత్రికతో సహా దక్కింది లోపలి పేజీలో చిన్న ముక్క.

తర్వాతి కథ కూడా చెప్పి తీరాలి. తూములో గడాఫీని గుర్తించినవాళ్లలో ఒకడని పేరొచ్చిన కుర్రాడు ఒమ్రాన్ షాబాన్, మిస్రాతావాడు, ఇరవై రెండేళ్లు. బంగారు పూత పిస్టల్ పట్టుకున్న ఫోటోలతో హీరో అయ్యాడు. 2012 జులైలో అతన్ని బనీ వలీద్‌లో పట్టుకుని, దాదాపు 50 రోజులు హింసించారు. విడిపించి ఫ్రాన్స్‌కి తీసుకెళ్లినా సెప్టెంబరులో చనిపోయాడు. దానికి బదులుగా అక్టోబరులో మిస్రాతా సేనలు బనీ వలీద్‌ని ముట్టడించాయి. గడాఫీ చచ్చి అప్పటికి దాదాపు ఏడాది. నేరం చేసినవాణ్ణి కోర్టుకి తేని దేశంలో లెక్కలు ఇలాగే తేల్చుకుంటారు.

"అరబ్బులు అంతే" అని క్లాసులో ఎవరైనా అంటే (అంటారు, నాకు తెలుసు), మిలాన్ సంగతి చెప్పండి. 1945 ఏప్రిల్ 28న ఇటలీ నియంత ముస్సోలినీని, ప్రియురాలు క్లారా పెతాచ్చీని పార్టిజాన్లు (ఫాసిస్టులతో పోరాడిన గెరిల్లాలు) కాల్చేశారు. శవాల్ని మర్నాడు తెల్లవారేసరికి మిలాన్‌లోని పియాజలే లొరేతో కూడలిలో పడేశారు. చోటు ఊరికే ఎంచుకోలేదు. ఎనిమిది నెలల ముందు, 1944 ఆగస్టు 10న, జర్మన్ల ఆదేశంతో ఫాసిస్టులు 15 మంది ప్రతిఘటన ఖైదీల్ని అక్కడే కాల్చి, శవాల్ని ఎండలో వదిలేసి, ఇంటివాళ్లని దగ్గరికి రానివ్వలేదు. జనం శవాల్ని తన్నారు, ఉమ్మారు. చనిపోయిన తన కొడుకుల లెక్కకి ఒక తల్లి ముస్సోలినీ శవం మీద తుపాకీ పేల్చిందని చెప్పుకుంటారు. చివరికి పెట్రోలు బంకు దూలానికి తలకిందులుగా వేలాడదీశారు. ఇది యూరప్ నడిబొడ్డున, కళలకీ సంగీతానికీ పేరుపడ్డ నగరంలో జరిగింది. తిరుగుబాటు నాయకుల్లోనే ఫెరుచ్చో పర్రీ దీన్ని అసహ్యించుకున్నాడు. ఆయనే రెండు నెలల్లో ఇటలీ ప్రధాని అయ్యాడు. మిస్రాతాకీ మిలాన్‌కీ తేడా జనంలో వెతక్కండి, ఆ తర్వాత వచ్చినవాళ్లలో వెతకండి. ఇటలీలో ఏడాది తిరిగేసరికి రిఫరెండం, రాజ్యాంగ సభ ఎన్నికలు జరిగాయి. లిబియాలోనూ 2012 జులైలో ఎన్నికలు జరిగాయి, కానీ తుపాకులు మిలీషియాల దగ్గరే ఉండిపోయాయి.

రుమేనియా గురించి క్లుప్తంగా. 1989 క్రిస్మస్ రోజున అక్కడి నియంత చౌషెస్కు దంపతుల్ని గంటసేపటి విచారణ తర్వాత గోడకి నిలబెట్టి కాల్చారు, దృశ్యాలు టీవీలో వేశారు. 60 వేల మందిని చంపారన్న ఆరోపణ ఆ విచారణలో చదివారు, అది నిజం కాదు. ఆ విప్లవంలో పోయినవాళ్లు 1,100 పైచిలుకు, వాళ్లలో ఎక్కువమంది చౌషెస్కు పారిపోయాకే పోయారు. వాళ్లని ఎవరు కాల్చారన్న గొడవ ఇంకా తెగలేదు. రెండు వారాల్లో అక్కడ మరణశిక్షే రద్దు చేశారు. అందులో కొంత సిగ్గు ఉందని నేననుకుంటాను.

పదేళ్లు పోయాక ఈ జనమే "ఆయనే నయం" అంటారు, దాన్నీ మీ స్టూడెంట్స్ ఎత్తుతారు. చచ్చినవాడి కళ్లు చారెడు. బాగ్దాద్‌లో 2003లో సద్దాం విగ్రహాన్ని సుత్తితో కొట్టిన మనిషే, వీలైతే దాన్ని మళ్లీ నిలబెడతానని ఏళ్ల తర్వాత విలేకరులకి చెప్పాడు. 2021లో సైఫ్ అల్ ఇస్లాం లిబియా అధ్యక్ష ఎన్నికలకి నామినేషన్ వేస్తే మద్దతిచ్చేవాళ్లు దొరికారు. దీన్నిబట్టి ఆనాటి సంబరం తప్పని తేలదు. కరెంటు లేక, జీతం లేక, వీధిలో తుపాకుల మధ్య విసిగినవాళ్లు ఇప్పటి పాలన మీద చేసే ఫిర్యాదు అది.

వీడియో సంగతి. నా సలహా, వేయొద్దు. చూసినవాళ్లు దాన్ని గుర్తుపెట్టుకుంటారు, మీరు ముందూ వెనకా చెప్పింది మర్చిపోతారు. మా డెస్క్‌లో ఆ రాత్రి ఇదే చర్చ జరిగింది. మొదటి పేజీకి నెత్తుటి మొహం కావాలా, సంబరం చేసుకుంటున్న జనం ఫోటో కావాలా అని. చివరికి జనం ఫోటో వేశాం. దాని పక్కన సిర్తే శిథిలాల ఫోటో కూడా వేసి ఉంటే సమంగా ఉండేది. మీ స్టూడెంట్స్ ఎలాగూ వీడియో చూశారు కాబట్టి, వాళ్లని నాలుగు గుంపులుగా విడదీసి ఒక్కో గుంపుని ఒక్కొక్కరి తరఫున మాట్లాడించండి: అబూ సలీంలో కొడుకు పోయిన తల్లి, మిస్రాతా పోరాటగాడు, తవర్ఘా నుంచి తరిమేసిన మనిషి, లాకర్బీలో కూతురు పోయిన తండ్రి. గడాఫీని బతికించి కోర్టులో నిలబెడితే మీకు ఏం దొరికేది అని నలుగురినీ అడగండి. చదవడానికి ఇవ్వాలంటే హ్యూమన్ రైట్స్ వాచ్ 2012 అక్టోబరులో సిర్తే హత్యల మీద ఇచ్చిన నివేదిక ఉంది. అందులో శవాల ఫోటోలున్నాయి, ముందు మీరు చూసుకుని ఆ పేజీలు తీసేసి ప్రింట్లు ఇవ్వండి.